స్కూలు కారులో ఆగని ఇంజిన్ ఇంటి కారులో ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మాయికి ఏప్రిల్‌లో 18 నిండాయి, లెర్నర్ లైసెన్స్ వచ్చింది, హనుమకొండలోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో 20 రోజులు నేర్చుకుంది. అక్కడ బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటి కారులో కూర్చుంటే మాత్రం కదిలించిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోతోంది. మీరు కేకలు వేస్తున్నారు, అమ్మాయి ఏడుస్తోంది, ఇంట్లోవాళ్లు గేర్లు లేని బండి కొనేయమంటున్నారు. గేరు బండి నేర్పడం మీ వల్ల అవుతుందా, అయితే ఎలా అని అడిగారు.

అవుతుంది. రెండు పనులు చేయండి. మొదటి వారం అమ్మాయి కుడికాలు యాక్సిలరేటర్ మీద పడకూడదు. బండి కదలడం, ఆగడం మొత్తం క్లచ్, బ్రేకులతోనే జరగాలి. రెండోది, ఇంజిన్ ఆగినప్పుడు మీరు నోరు మెదపకూడదు. రెండింటిలో ఏది కష్టమో మీకు మొదటి రోజే తెలిసిపోతుంది.

నేను హనుమకొండలో 22 ఏళ్లుగా కార్లు నేర్పుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు లారీ నడిపాను. మీ అమ్మాయి విషయంలో ఏం జరిగిందో చెప్పాలంటే మా వృత్తి గుట్టు ఒకటి విప్పాలి.

స్కూలు కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు క్లచ్ తొందరగా వదిలేస్తున్నారని తెలియగానే మా కాలు మా పెడల్ మీదికి వెళ్తుంది. కావాలని చేసే మోసం కాదది. పొద్దున ఎనిమిదిన్నరకు నయీంనగర్ రోడ్డు మీద బండి ఆగితే వెనక ఆటోలు ఊరుకోవు, అరగంట తర్వాత రావలసిన మనిషి అప్పటికే ఫోను చేస్తుంటాడు. అలా కాలికి అలవాటైపోతుంది. చాలా ఏళ్ల కిందట ఒకరోజు నా వైపు క్లచ్ తీగ తెగింది. బాగు చేయించే తీరిక లేక అలాగే నడిపించాను. ఆ పూట వచ్చిన నలుగురూ పదిహేను రోజులు దాటినవాళ్లే, ఇక టెస్టుకు పంపవచ్చని నేను అనుకున్నవాళ్లే. నలుగురి చేతిలోనూ బండి ఆగింది. ఒకాయన చేతిలో ఒకే కూడలిలో ఐదుసార్లు. అంటే అన్నాళ్లూ క్లచ్ వదిలింది నేను, స్టీరింగ్ తిప్పింది వాళ్లు. మీ అమ్మాయికీ అదే జరిగి ఉంటుంది. తనకు చేతకాక కాదు, ఆ పాఠం తనకు అసలు అందలేదు.

బండి ఎక్కకముందే క్లచ్ అంటే ఏమిటో రెండు అరచేతులతో చూపించండి. ఒక అరచెయ్యి ఇంజిన్‌తో పాటు ఎప్పుడూ తిరిగే ఫ్లైవీల్. రెండోది చక్రాల వైపు ఉండే క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే చేతులు విడిపోతాయి, పూర్తిగా వదిలితే అతుక్కుంటాయి. ఆ రెండింటికీ నడుమ, చేతులు రాసుకుంటూ ఒకదాని వేగం రెండోదానికి అందే చోటే హాఫ్ క్లచ్. తిరుగుతున్న చేతిని ఆగి ఉన్న చెయ్యి ఒక్కసారిగా పట్టేస్తే తిరిగేది కూడా ఆగిపోతుంది. ఇంజిన్ ఆగడమంటే అదే.

ఇక అందరూ చెప్పే మాట, 'కొంచెం రేస్ ఇస్తూ క్లచ్ వదులు' అని. నడపడం వచ్చినవాళ్లకు అది సరైన మాటే. రానివాళ్లకు రెండు కాళ్లతో ఒకేసారి రెండు ఎదురు పనులు, రెండూ కొత్తవే. రేస్ ఎక్కువైతే ఇంజిన్ అరుస్తుంది, ఆ అరుపుకు బెదిరి క్లచ్ వదిలేస్తారు, బండి ఎగిరి దూకుతుంది. తక్కువైతే ఆగిపోతుంది. తప్పు ఏ కాలిదో వాళ్లకు తెలియదు, పక్కన కూర్చున్న మనకూ తెలియదు. ఆ సలహా కార్బురేటర్ బండ్ల కాలం నాటిది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఊరికే నిలబడినప్పుడు ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు అటూ ఇటుగా తిరుగుతుంది. బరువు పడి ఆ వేగం తగ్గబోతే లోపలి కంప్యూటర్ దాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. అందుకే చదునైన నేల మీద ఓపిగ్గా క్లచ్ వదిలితే, రేస్ లేకుండానే బండి మనిషి నడకంత వేగంతో కదులుతుంది. డీజిల్ బండి అయితే ఇంకా తేలిక. చిన్న పెట్రోల్ బండి కాస్త ఎక్కువ ఓపిక అడుగుతుంది. ఆ కాసేపు ఏసీ ఆపేయండి.

ఈ పద్ధతి నా బుర్రలో పుట్టింది కాదు. నర్సంపేట, పరకాల వైపు ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లను చూసి పట్టుకున్నాను. ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవాళ్ల చేతిలో కారు మొదటి రోజు కూడా ఆగేది కాదు. ఎందుకా అని చాలాకాలం ఆలోచించాను. ట్రాక్టర్‌కు స్టీరింగ్ దగ్గర చేతి రేస్ ఉంటుంది. దాన్ని ఒకచోట పెట్టేస్తే ఇక పొలంలో పనంతా క్లచ్ కాలిదే. ఆ కాలు విడిగా నేర్చుకుంది కాబట్టి దానికి తెలివి వచ్చింది. (వాళ్ల జబ్బులు వాళ్లకున్నాయి. క్లచ్ మీద కాలు పెట్టుకునే బండి నడుపుతారు, అద్దాలు చూడరు, మలుపులో సగం రోడ్డు తీసుకుంటారు.) ఆ ఎడమకాలి చదువునే కారులో ఎందుకు చెప్పకూడదు అనుకుని మొదలుపెట్టాను.

ముందు కూర్చోవడం. క్లచ్‌ను నేలకు తాకేదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు బిగుసుకుపోయేంత దూరంగా సీటు ఉంటే హాఫ్ క్లచ్ జన్మలో దొరకదు. పొట్టిగా ఉంటే నడుము వెనక గట్టి దిండు పెట్టండి. జారే చెప్పులు వద్దు, పలుచని అడుగున్న బూట్లు మంచివి. లేదా వట్టి కాళ్లతోనే కూర్చోనివ్వండి, పెడల్ కంపనం అరికాలికి ఇంకా బాగా తెలుస్తుంది. డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉండకూడదు. బ్రేకు కిందికి దొర్లిన సీసాను నేను రెండుసార్లు చూశాను, మూడోసారి చూడదలచుకోలేదు.

మొదటి ఉదయం ఇంజిన్ ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కించి, ఫస్ట్ గేరు వేయించి, హ్యాండ్ బ్రేకు దించండి. బ్రేకు మీద కుడికాలు తీసి పక్కన నేల మీద పెట్టమనండి. మడమ నేలకు ఆనించి క్లచ్‌ను రూపాయి బిళ్ల మందం చొప్పున వదలమనండి. ఒకచోట ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు వస్తుంది, బానెట్ ముక్కు వెంట్రుకవాసి లేస్తుంది. అక్కడ కాలు ఆపాలి. మనసులో మూడు లెక్కపెట్టాలి. బండి దానంతట అదే కదులుతుంది. రెండు గజాలు పోగానే మళ్లీ క్లచ్ తొక్కి, బ్రేకు తొక్కి ఆపాలి. ఇలా ముప్పై సార్లు. ఆగిపోయేవాళ్లందరూ చేసే పొరపాటు ఒక్కటే. వణుకు మొదలుకాగానే 'వచ్చేసింది' అనుకుని మిగతా క్లచ్ మొత్తం వదిలేస్తారు. ఆ మూడు అంకెలు అందుకే.

రెండో ఉదయం నుంచి నిమ్మకాయ. కొత్త బండికి పూజ చేయించినప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా, నేను తొక్కవద్దని పెడతాను. ముందు కుడి చక్రానికి మూరెడు దూరంలో కాయ పెట్టండి. క్లచ్, బ్రేకులతో మాత్రమే బండిని జరిపి టైరు కాయకు ఆనేలా ఆపాలి, కాయ చితకకూడదు. డ్రైవర్‌కు కాయ కనిపించదు కాబట్టి ఒకరు పక్కన నిలబడి చెప్పాలి. పక్కన అంటే పక్కనే, రెండు మీటర్లు దూరంగా. బండి ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు. తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ పని అప్పగించండి, వాళ్లకు అక్క మీద అధికారం చలాయించే అవకాశం ఊరికే రాదు. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు మొదటి రోజు పదకొండు కాయలు చితగ్గొట్టాడు. నాలుగో రోజు టైరును కాయకు ఆనించి, కాయ కొంచెం నొక్కుకుని తొక్క మీద చిన్న మెరుపు కనిపించే చోట ఆపాడు. దిగి వంగి చూసుకుని చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత అతనికి క్లచ్ గురించి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. ఇదే ఆటను రివర్స్‌లోనూ ఆడించండి.

పది నిమిషాలకోసారి ఐదు నిమిషాలు విరామం ఇవ్వండి. హాఫ్ క్లచ్‌లో ప్లేటు రాసుకుంటూ వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తే ఇంజిన్ ఆపి పావుగంట ఆగండి. ఇలా నేర్పితే క్లచ్ అరుగుతుంది కదా అంటారు. అరుగుతుంది, కొంచెం. రేస్ ఇస్తూ దూకించినా అరుగుతుంది, దాంతోపాటు గోడలూ అరుగుతాయి.

చోటు గురించి. కాలేజీ మైదానాలు వద్దు, అక్కడ పొద్దున నడిచేవాళ్లుంటారు. మడికొండ వైపు, హసన్‌పర్తి వైపు, ములుగు రోడ్డు పొడవునా ఇళ్లు ఇంకా కట్టని వెంచర్లు బోలెడు. తారు రోడ్లు వేసి హద్దురాళ్లు పాతి వదిలేశారు. కాపలా మనిషి ఉంటే అడిగి వెళ్లండి. పొద్దున ఐదున్నర నుంచి నలభై నిమిషాలు చాలు, మన ఎండల్లో ఎనిమిది దాటితే ఇద్దరికీ చిరాకే. అక్కడిదాకా బండి మీరే నడపండి. దారిలో తన చేతికి ఇవ్వవద్దు.

చట్టం ముక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సమాధానం ఇంటర్ పిల్లల తండ్రులూ చదువుతారు. కారుకు 18 నిండాలి. 16 నిండినవారికి ఇచ్చేది తల్లిదండ్రుల అంగీకారంతో, 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే. మన ఇళ్లలో ఉండే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే, కాబట్టి అదీ కుదరదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత, మైనర్ పిల్లలు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికి లేదా తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. 'మన గల్లీలోనే కదా' అంటూ నా దగ్గరికి పదిహేడేళ్ల పిల్లల్ని తెచ్చేవాళ్లను వెనక్కి పంపిస్తాను. మీ అమ్మాయికి ఆ బెడద లేదు. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' ఉండాలి, పక్క సీటులో లైసెన్స్ ఉన్న మీరు ఉండాలి. లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు నిండాకే టెస్టు. అంటే తొందరేమీ లేదు.

ఇప్పుడు మీ సంగతి. మా అబ్బాయికి నేనే నేర్పాను. వందలమందికి నేర్పినవాణ్ని, నా కొడుక్కు నేర్పలేనా అనుకున్నాను. మూడో రోజు మడికొండ దగ్గర వెంచర్‌లో బండి నాలుగుసార్లు ఆగింది. 'ఎన్నిసార్లు చెప్పాలిరా' అన్నాను, బయటివాళ్ల పిల్లలతో ఎన్నడూ అనని మాట. వాడు ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి బానెట్ మీద పెట్టి, రెండు కిలోమీటర్లు నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కి ఇంటికి పోయాడు. ఒక్క సంగతి గమనించాను. అంత కోపంలోనూ హ్యాండ్ బ్రేకు వేసే దిగాడు. తర్వాత పది రోజులు వాడికి నా తోటి మాస్టరు నేర్పాడు.

ఇంజిన్ ఆగితే ఏం చేయాలో ముందే చెప్పి పెట్టండి: క్లచ్, బ్రేకు, న్యూట్రల్, స్టార్ట్, మళ్లీ ఫస్ట్. తను ఆ ఐదు పనులూ చేసుకునేదాకా మీరు కిటికీలోంచి బయటికి చూడండి. వెనక ఎవరు హారన్ కొట్టినా ఆ వరుస మారకూడదు. అత్యవసరానికి ఇద్దరి మధ్యా ఒకే ఒక్క మాట ఉండాలి. 'రెండు కాళ్లు' అంటే రెండు కాళ్లూ కిందికి, క్లచ్, బ్రేకు పూర్తిగా. 'బ్రేక్ బ్రేక్' అని అరిస్తే భయంలో కాలు ఏ పెడల్ మీద పడుతుందో చెప్పలేం. మీ కుడి చెయ్యి ఎప్పుడూ హ్యాండ్ బ్రేకుకు అందేలా ఉండాలి, అదే మీ బ్రేకు. మీ కారులో హ్యాండ్ బ్రేకుకు మీట కాకుండా నొక్కే బటన్ ఉంటే దాని వాడకం ముందే ఖాళీ చోట చూసుకోండి. కదులుతున్న బండిలో తాళంచెవి మాత్రం లాగేయకండి, స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

రెండో వారంలో యాక్సిలరేటర్. అప్పటికి ఎడమకాలికి తన పని తెలుసు కాబట్టి ఇది ఒక పూట పని. సెకండ్, థర్డ్ గేర్లు అంతకుముందే ఇంట్లో, ఇంజిన్ ఆపిన బండిలో కళ్లు మూసుకుని వేయించండి. సెకండ్ బదులు ఫోర్త్ పడటం ప్రతివాళ్లకీ జరిగేదే, చెయ్యి తనవైపు కాకుండా మీవైపు కాస్త ఒత్తిడి ఉంచి కిందికి లాగితే పడదు. ఆపడంలో ఒక తేడా చెప్పాలి. నడక వేగంలో క్లచ్, బ్రేకు కలిపి తొక్కవచ్చు. థర్డ్‌లోనో ఫోర్త్‌లోనో పోతున్నప్పుడు ముందు బ్రేకు, బండి బాగా నెమ్మదించి వణకబోయే ముందు క్లచ్. ముందే క్లచ్ తొక్కేస్తే ఇంజిన్ పట్టు పోయి బండి జారుతూ వెళ్తుంది, భారమంతా బ్రేకు మీద పడుతుంది.

స్కూటర్ నడిపే పిల్లలకు ఇంకో జబ్బు, సందు కనిపిస్తే దూరడం. కారుకు ఎడమవైపు ఒక మనిషి కూర్చునేంత వెడల్పు ఉందని వాళ్ల ఒంటికి తెలియదు. వెంచర్‌లో రెండు ఖాళీ అట్టపెట్టెలు పెట్టి వాటి మధ్య నుంచి పోనివ్వండి. ఎడమ పెట్టె పడిపోవడం నాలుగైదు రోజుల్లో మానుతుంది.

ఎత్తు మీద కదిలించడం చివరి పాఠం. మొదట వెంచర్‌లోనే చిన్న వాలు చూసుకోండి. హ్యాండ్ బ్రేకు వేసి, కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్ వదులుతూ ముక్కు లేవగానే హ్యాండ్ బ్రేకు దించాలి. ముక్కు లేవడం అప్పటికే తెలుసు కాబట్టి ఇది భయపెట్టదు. వరసగా పదిసార్లు వెనక్కి జారకుండా వస్తే ఒక ఆదివారం తెల్లవారుజామున కాజీపేట వంతెన మీద ఎడమవారగా ఎక్కించండి. వెనక లారీ ఉన్న రోజు కాదు. వరంగల్ స్టేషన్ దగ్గరి అండర్‌బ్రిడ్జి, ఏనుమాముల మార్కెట్ దారి ఆఖరికి ఉంచండి. మిర్చి బస్తాల ట్రాక్టర్లు వచ్చే రోజుల్లో ఏనుమాముల వైపు నేను కూడా నేర్చుకునేవాళ్లను తీసుకెళ్లను.

ఊళ్ల రోడ్ల మీదికి వెళ్లినప్పుడు యాసంగి కోతల తర్వాత, మళ్లీ వానాకాలం కోతల తర్వాత జాగ్రత్త. సగం రోడ్డు మీద వడ్లు పరిచి, అంచున రాళ్లు పేరుస్తారు. వడ్ల మీద టైరు ఎక్కితే జారుతుంది, రాత్రి పూట ఆ రాళ్లు, నల్ల టార్పాలిన్లు కనిపించవు. ఎదురుగా బస్సు వస్తుంటే మన వైపు ఖాళీ ఉన్నా ఆగి, దాన్ని పోనిచ్చి, ఫస్ట్‌లో కదలాలి. పట్నంలో నెల తిరిగినా రాని హాఫ్ క్లచ్ ఓపిక అక్కడ ఒక్క ఉదయంలో వస్తుంది. కానీ లైసెన్స్ వచ్చేదాకా చీకట్లో ఆ రోడ్లు వద్దు.

గేర్లు లేని బండి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కొనాలనుకుంటే కొనుక్కోండి, నామోషీ ఏమీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేనే సిఫారసు చేస్తాను. కానీ అమ్మాయి ఏడుస్తోందని కొనవద్దు. రేపు హాస్టల్ స్నేహితురాలి ఇంట్లోనో, ఏ రాత్రో మేనమామ ఇంట్లోనో ఉండేది గేరు బండే కావచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక అనుమానం తీర్చుకోండి. మీ బండి క్లచ్ పెడల్ దాదాపు పైకి వచ్చేశాక గానీ పట్టుకోకపోతే, తప్పు అమ్మాయిది కాకపోవచ్చు. ప్లేటు అరిగిన బండ్లలో అలా అవుతుంది. స్కూలు కారులో సగంలో పట్టుకునే క్లచ్‌కు అలవాటైన కాలు ఇక్కడ తికమకపడుతుంది. మీరే కూర్చుని, ముందు ఎవరూ లేని చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కుడికాలు బ్రేకుకు సిద్ధంగా ఉంచి, థర్డ్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే మెకానిక్‌కు చూపించండి, అప్పటిదాకా అమ్మాయిని ఏమీ అనకండి.